ఎక్సార్సిస్ట్ మొదటిసారి చూసేవాళ్ళకి ఏది వెయ్యాలి: 122 నిమిషాలదా, 132 నిమిషాలదా?

శేషు_కాకినాడ
అందరికీ నమస్కారం. సినిమాకి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 2023లో వచ్చిన ఫోర్‌కే సెట్టు మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో 1973లో హాళ్ళలో ఆడిన సినిమా, 122 నిమిషాలు. రెండోదాంట్లో 2000లో పది నిమిషాలు కలిపి వదిలింది. నేను ఎప్పుడో కాలేజీ రోజుల్లో చూశాను, ఏది చూశానో కూడా గుర్తులేదు. మా ఆవిడ అసలు చూడలేదు. శనివారం పిల్లలు అమ్మమ్మగారింట్లో ఉంటారు. ఏది వెయ్యమంటారు? దయచేసి కథ చెప్పేయకండి, ఆవిడ కూడా ఇక్కడ చదువుతుంది.

వన్‌టౌన్ వాసు
122. ఇందులో ఆలోచించడానికేం లేదు.

ఆ పది నిమిషాలు ఎవరో సెన్సారు వాళ్ళు కోసినవి కావు. దర్శకుడు ఫ్రీడ్‌కిన్ 1973లో తనే అక్కర్లేదని తీసేసినవి. నవల రాసి, స్క్రీన్‌ప్లే రాసి, నిర్మాతగా కూడా ఉన్న బ్లాటీకి ఆ కోత నచ్చలేదు. పాతికేళ్ళ పైన దాని గురించే పోరు. చివరికి స్నేహితుడి మాట తీసెయ్యలేక ఫ్రీడ్‌కిన్ మళ్ళీ అతికించాడు. మొహమాటానికి పెట్టిన అన్నం అది.

పోనీ అతికించి ఊరుకున్నాడా? కంప్యూటర్ బొమ్మలు కూడా పెట్టాడు. దయ్యం పట్టిన పిల్ల తల్లి ఇంటికొస్తుంది, వంటింట్లో లైట్లు ఆరి వెలుగుతుంటాయి, పొయ్యి మీద చిమ్నీ మీద దయ్యం ముఖం తళుక్కుమంటుంది. ఎవరి కోసం ఆ ముఖం? తల్లి చూడలేదు, పనివాళ్ళు చూడలేదు. హాల్లో పాప్‌కార్న్ తినేవాడి కోసం! 1973 దాంట్లో అదే తెల్ల ముఖం ఫాదర్ కారస్ కలలో రెప్పపాటు వచ్చిపోతుంది. చూశామా, మనకే అనిపించిందా అని పక్కవాణ్ణి అడగాలనిపిస్తుంది. అడగడానికీ భయమేస్తుంది.

నిద్రపట్టనోడు
రెండూ వెయ్యకండి శేషుగారూ. ఆవిడ కూడా అమ్మమ్మగారింటికే వెళ్ళిపోతారు.

పద్మజ_హనుమకొండ
నేనైతే 132 అంట. అందరు ఆ పిల్ల సాలీడు లెక్క వెల్లకిల మెట్లు దిగే సీను గురించే మాట్లాడ్తరు. నాకు అదేం పెద్దగ అనిపియ్యలే. నాకు కావల్సింది మొదట్ల వచ్చే డాక్టర్ సీను.

వాసుగారూ, మీ 122 దాంట్ల ఒక పెద్ద బొక్క ఉన్నది, ఎవ్వరు చెప్పరు. పార్టీ రాత్రి బిడ్డ అందరి ముందు కార్పెట్ మీద మూత్రం పోస్తది కదా. తర్వాత తల్లి స్నానం పోస్తుంటే బిడ్డ నాకేమైందమ్మా అని అడుగుతది. డాక్టర్ చెప్పిండు కదా, నరాల సంగతి, గోలీలు ఏసుకుంటే తగ్గుతది అంటది తల్లి. ఏ డాక్టర్? ఎప్పుడు చెప్పిండు? అప్పటిదాంక సినిమాల డాక్టరే కనబడలే! ఆ సీను కోసిండ్రు, మాట మాత్రం మిగిలిపోయింది. 132 దాంట్ల రిటాలిన్ గోలీలు రాసిచ్చే డాక్టర్ కనబడ్తడు, లెక్క సరిపోతది.

వన్‌టౌన్ వాసు
మేడమ్, ఒక్క డైలాగు కోసం సినిమా అంతా సాగదీస్తారా? ప్రేక్షకుడికి ఆమాత్రం ఊహ ఉండదా? ఎప్పుడో చూపించి ఉంటుందిలే అనుకుంటాడు. చిమ్నీ సంగతి చెప్పండి ముందు.

పద్మజ_హనుమకొండ
చిమ్నీ నేను పెట్టమన్ననా?

లీడ్స్ లక్ష్మి
మీకు రెండు డిస్కులు దొరికి కొట్టుకుంటున్నారు. ఇక్కడ ఇంగ్లండులో ఒక్కటి దొరకడమే గగనంగా ఉండేది. 1984లో వీడియో చట్టం వచ్చాక సెన్సారు బోర్డు ఈ సినిమాకి వీడియో సర్టిఫికెట్ ఇవ్వలేదు. 1988లో షాపుల్లోంచి క్యాసెట్లు తీసేయించారు. మళ్ళీ ఇంట్లో చూసే యోగం 1999లో, అదీ ఒక్క ముక్క కొయ్యకుండా. తమాషా ఏంటంటే వీడియో దొరకని ఆ ఏళ్ళలో కూడా సినిమా హాళ్ళలో వేసుకోవచ్చు, అది తప్పు కాదు! ఇంట్లో పిల్లలు చూస్తారనే వాళ్ళ భయమంతా. మా ఆయన ఇప్పటికీ పాత క్యాసెట్ ఒకటి అటక మీద దాచాడు, ప్లేయర్ లేకపోయినా.

మోనో మూర్తి
నిమిషాల గురించి మాట్లాడుతున్నారు గానీ శబ్దం గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఈ సినిమాకి పది ఆస్కార్ నామినేషన్లొస్తే గెలిచింది రెండే, స్క్రీన్‌ప్లేకి, శబ్దానికి. 1973లో జనం జడుసుకున్నది ఒక్క స్పీకర్లోంచి వచ్చిన మోనో శబ్దానికే. తల వెనక్కి తిరిగేటప్పుడు ఆ పటపట ఏంటనుకున్నారు? పాత తోలు పర్సు మైకు ముందు మెలిపెట్టారు, అంతే. దయ్యం గొంతు ఇచ్చిన మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ పచ్చి గుడ్లు మింగి, సిగరెట్లు కాల్చి, కుర్చీకి కట్టేయించుకుని ఆ గొంతు తెప్పించింది. ఇంతా చేస్తే మొదటి ప్రింట్లలో ఆవిడ పేరే వెయ్యలేదు, గొడవపడి వేయించుకుంది. ఆ గొంతు ఎదురుగా రావాలి. ఇప్పుడు అట్మాస్ అని నెత్తి మీంచి, వీపు వెనకనుంచి వినిపిస్తారు. దయ్యం ఉన్నది మంచం మీద బాబూ, మా ఇంటి స్లాబులో కాదు.

శేషు_కాకినాడ
మూర్తిగారూ, మాది టీవీకి తగిలించే సౌండ్‌బార్ అండి.

మోనో మూర్తి
అయితే అదృష్టవంతులు.

సామ్యేలు_తెనాలి
మీరంతా మొదటి గంటలోనే కొట్టుకుంటున్నారు. సినిమా ఉన్నది చివర్లో.

1973 దాంట్లో మధ్యలో ఇద్దరు ఫాదర్లు అలిసిపోయి మెట్ల మీద కూర్చుంటారు, మాటల్లేవు. 132లో కారస్ అడుగుతాడు, ఈ పిల్లే ఎందుకు అని. మనల్ని మనమే అసహ్యించుకోవాలని, మనలాంటి వాళ్ళని దేవుడు ప్రేమించగలడని నమ్మలేకుండా పోవాలని, అంటాడు పెద్దాయన మెరిన్. బ్లాటీ పుస్తకం రాసిందే ఆ ఒక్క మాట కోసం. అది తీసేస్తే మిగిలేది పచ్చ వాంతి, తిరిగే తల.

ముగింపు కూడా చూడండి. కారస్ నన్ను తీసుకో అని దాన్ని తన ఒంట్లోకి పిలుచుకుని కిటికీలోంచి దూకుతాడు. హాల్లోంచి బయటికొచ్చిన జనంలో కొంతమంది దయ్యమే గెలిచింది అనుకున్నారు. బ్లాటీ బాధ అదే. 132లో తల్లి ఇచ్చిన కారస్ మెడల్‌ని అతని స్నేహితుడు ఫాదర్ డయ్యర్ తిరిగి ఆవిడకే ఇచ్చేస్తాడు. తర్వాత పోలీసు డిటెక్టివ్ కిండర్‌మన్‌తో కబుర్లాడుకుంటూ నడిచి వెళ్తాడు. ఒకడు ప్రాణం ఇచ్చాడు, లోకం మళ్ళీ నడుస్తోంది.

వన్‌టౌన్ వాసు
తమ్ముడూ, అదే నా ఏడుపు. జోకులేసుకుంటూ నడిచి వెళ్తే భయం ఎక్కడ మిగిలింది? 122లో మెడల్ డయ్యర్ దగ్గరే ఉండిపోతుంది. కారు వెళ్ళిపోయాక ఆ మెట్ల దగ్గర నిలబడి కిందికి చూస్తాడు. అంతే. ఆ గంటల సంగీతం. ఇంటికెళ్ళి లైటు ఆర్పలేం.

మెట్ల మీద ఆ మౌనమే మాట. దాన్ని తెరిచి ప్రసంగం పెట్టారు. ఇంకోటి, 2010 బ్లూరే నుంచీ 132ని డైరెక్టర్స్ కట్ అని అమ్ముతున్నారు. డైరెక్టరు తనంతట తాను తీసేసిన దాన్ని డైరెక్టర్స్ కట్ అనడం ఏ ఊరి న్యాయం? రైటర్స్ కట్ అనండి, ఒప్పుకుంటా. సాలీడు నడక కూడా అప్పట్లో తీగలు కనపడుతున్నాయని పక్కన పెట్టిందే, 2000లో కంప్యూటర్లో తీగలు చెరిపి పెట్టారు. అప్పుడే కథలోని సినిమా దర్శకుడు డెనింగ్స్ చచ్చిపోయాడన్న కబురు, వెంటనే ఇది. ఒకదాని మీద ఒకటి పడి రెండూ తేలిపోయాయి.

ఇక డాక్టర్ సీన్లే కావాలంటే హాస్పిటల్ వీడియోలు బోలెడున్నాయి, అవి చూసుకోవచ్చు.

పద్మజ_హనుమకొండ
ఎవరిని అన్నరు ఆ చివరి మాట?

వన్‌టౌన్ వాసు
ఎవర్నీ కాదు. జనరల్‌గా.

పద్మజ_హనుమకొండ
జనరల్‌గ అంటె ఇక్కడ డాక్టర్ సీను గురించి మాట్లాడింది నేనొక్కదాన్నే. అయితే వినుండ్రి.

మా అక్కకు పదకొండేండ్ల వయసుల ఫిట్స్ మొదలైనయ్. గోలీలు వాడుతుంటె తగ్గినయ్. ఆ టైములనే మా చిన్నాయన వీసీఆర్ కిరాయికి తెచ్చి ఈ సినిమా పెట్టిండు. ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవరికి సమజ్ కాలే. కని మంచం ఊగుడు, పిల్ల కొట్టుకునుడు చూసి మా నాయనమ్మ లేచి నిలబడి, ఇగో మన పిల్లకు ఉన్నది గిదే అన్నది. రెండో రోజు నుంచి గోలీలు బంద్. ఏడాదిన్నర భూతవైద్యుని చుట్టు తిప్పిండ్రు. యాప మండలు, నిమ్మకాయలు, పొగ. ఎన్నిసార్లు పడ్డదో, ఎన్ని దెబ్బలు తాకినయో నాకు తెలుసు.

అందుకే అడుగుతున్న ఆ పది నిమిషాలు. తల్లి ముందుగాల డాక్టర్ దగ్గరికే పోయింది అని తెర మీద కనబడాలె. గది మీకు సాగదీసుడు.

నిద్రపట్టనోడు
జోకేసినందుకు సారీ అక్కా.

సామ్యేలు_తెనాలి
పద్మజక్కా, మీ బాధ అర్థమైంది. కానీ సినిమాని ఆ బోనులో నిలబెట్టకండి. ఎక్సార్సిజం, అంటే దయ్యాన్ని వదలగొట్టే ప్రార్థన, చేయించమని తల్లికి మొదట సలహా ఇచ్చింది ఫాదర్ కాదు, డాక్టర్లు! అన్ని పరీక్షలూ చేసి, ఏం తేలక, పిల్ల నమ్మితే షాకులా పనిచేస్తుందేమో చూడండి అన్నది వాళ్ళే. తల్లి వెళ్ళి కారస్‌ని అడిగితే, పదహారో శతాబ్దానికి పోవాలమ్మా, మానసిక రోగాల గురించి తెలిశాక అవి ఎవరూ చెయ్యట్లేదు అంటాడు. ఆయన ఫాదర్ మాత్రమే కాదు, సైకియాట్రిస్టు. కుళాయి నీళ్ళు తెచ్చి పవిత్ర జలం అని చల్లుతాడు. పిల్ల గిలగిలా కొట్టుకుంటుంది. అంటే నటనేమో అని అనుమానపడతాడు. ఇంతకంటే జాగ్రత్తగా ఏ భూతవైద్యుడు చూస్తాడు?

పద్మజ_హనుమకొండ
అనుమానపడ్డడు సరే. ఆ అనుమానం గెలిచిందా ఓడిందా? మెడకు సూది గుచ్చి రక్తం చిమ్మే పరీక్ష పెట్టిండ్రు, సినిమాల నాకు కండ్లు మూసుకోవాలనిపించేది గా ఒక్క సీనే. దయ్యం లేదు, మ్యూజిక్ లేదు, మిషన్ చప్పుడు. అంత చేసి డాక్టర్లకు ఏం దొరకలే. చివరికి బాగు చేసింది ఎవరు? బైబిలు పట్టుకొచ్చినోళ్ళు. సినిమా మా నాయనమ్మ దిక్కే నిలబడ్డది తమ్ముడూ. 122 గంతే, 132 గంతే.

సామ్యేలు_తెనాలి
నిలబడలేదు. ఇది నేనెప్పుడూ ఇక్కడ చెప్పలేదు. మా నాన్న పాస్టరు. దయ్యం పట్టిందని పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు. ప్రార్థన చేసేవాడు, చేసి, ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, చీటీ చూపించండి, తర్వాత రండి అనేవాడు. సగంమంది తిరిగి వచ్చేవాళ్ళు కాదు. దయ్యాలు వెళ్ళగొడతానని బోర్డు పెట్టుకున్నాయన దగ్గరికి పోయేవాళ్ళు. కానుకల పెట్టె ఖాళీ. ఈయనకి విశ్వాసం లేదు అని మా సంఘంలోనే అన్నారు. కారస్‌ని చూస్తే నాకు మా నాన్నే కనపడతాడు. తనకి నమ్మకం ఉందో లేదో తెలియని మనిషి ఆ గదిలోకి వెళ్తాడు చూడండి, దాని గురించి సినిమా. అందుకే ఆ మెట్ల మీది మాట నాకు కావాలి.

మోడరేటర్
రెండు కామెంట్లు తీసేశాను. మతాల మీదికి, ఊళ్ళ మీదికి పోవద్దు. సినిమా గురించి మాట్లాడండి.

మోనో మూర్తి
తీసేసినవాటిలో నాదొకటి. అట్మాస్ గురించే రాశాను, మతం గురించి కాదు.

పద్మజ_హనుమకొండ
సామ్యేలూ, మీ నాయన అసొంటోళ్ళు మా ఊర్ల ఒక్కరున్నా బాగుండు. కని ఆయన చీటీ రాసి పంపినోడు. కారస్ చీటీ చించి లోపలికి పోయిండు. నీకు ఇద్దరు ఒక్కటే లెక్క కనబడ్తున్నరు, నాకు కనబడ్తలేరు.

సామ్యేలు_తెనాలి
చించలేదు అక్కా. ఇంకో దారి లేక వెళ్ళాడు.

పద్మజ_హనుమకొండ
మా నాయనమ్మ కూడ గదే అన్నది.

లీడ్స్ లక్ష్మి
పద్మజగారూ, అక్క ఇప్పుడెలా ఉన్నారు?

పద్మజ_హనుమకొండ
మంచిగున్నది. ఇద్దరు పిల్లలు. గోలీలు ఇప్పటికీ వాడ్తది. సినిమా నేనే రెండేండ్ల కింద ల్యాప్‌టాప్‌ల చూపిచ్చిన, గదే అడిగింది చూడాలె అని. మొత్తం చూసి, పిల్ల బాగ చేసింది పాపం, ఎంత చలి పెట్టిందో అన్నది. నోట్లకెళ్ళి పొగ నిజందేనా అని అడిగింది. గది మొత్తం ఫ్రిజ్జు లెక్క చల్లగ చేసి తీసిండ్రు, నిజందే అని చెప్పిన.

శేషు_కాకినాడ
కథ చెప్పేయకండి అని రాశాను మహానుభావులారా. మెడల్ ఎవరి దగ్గరుంటుందో కూడా మా ఆవిడకి తెలిసిపోయింది. ఇప్పుడు ఆవిడే 132 వెయ్యమంటోంది, ఆ డాక్టర్ సీను చూడాలట.

వన్‌టౌన్ వాసు
శేషూ, ఆవిడ ఇష్టం. తర్వాత ఇంకో రోజు 122 కూడా వెయ్యి. పాత 2010 బ్లూరే ఎవరి దగ్గరైనా ఉంటే పారెయ్యకండి, కెమెరామన్ రోయిజ్‌మన్ సెట్లో తీసుకున్న ఫుటేజి దాంట్లో ఉంది.

పద్మజగారూ, హాస్పిటల్ వీడియోల మాట అనకుండా ఉండాల్సింది. నేను ఈ సినిమా మొదట చూసింది కాపీకి కాపీ తీసిన క్యాసెట్‌లో. బొమ్మ గీతలు గీతలు, మొహాలు సరిగ్గా ఆనేవి కావు. ఎవరూ ఏదీ విడమరిచి చెప్పలేదు, అందుకే నాకు ఇష్టం. అదే మీ ఇంట్లో వేరేలా అయిందని ఇప్పుడు తెలిసింది.

రాత్రి డిస్కు పెట్టి స్నానం సీను మళ్ళీ చూశా. మీరు చెప్పింది రైటే, డాక్టర్ మాట గాల్లోంచి ఊడిపడింది. ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

చిమ్నీ మాత్రం తప్పే.