అప్‌డేట్: రెండో వారానికే ఆగిపోయిన తిక్కన విరాటపర్వం ఇప్పుడు సాగతా ఉంది

మా నెల్లూరు చదువరుల గుంపులో ఇప్పుడు చదివేది తిక్కన తెలుగు భారతంలోని విరాటపర్వం. రెండో వారానికే చదవడం ఆగిపోతే, ఎట్లా సాగించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగినాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఫలించినవి రెండు సలహాలు. ఒకటి, అవతారికతో, అంటే కథకు ముందుండే పీఠికతో, మొదలుపెట్టొద్దన్నది. హరిహరనాథుడి స్తుతి ఉండే ఆ భాగంలో పెద్ద పెద్ద సమాసాలు, కొత్తవాళ్లు అక్కడే దిగబడిపోతారు. నేరుగా కీచకుడి కథ ఉన్న రెండో ఆశ్వాసానికి (అధ్యాయం లాంటిది) పోయి, అదయ్యాక మొదటిదానికి రావాలి. మొత్తం ఐదే ఆశ్వాసాలు, దారి తప్పేదేం లేదు.

రెండోదే అసలు కిటుకు: పద్యపాదం (పద్యంలో ఒక వరస) చివర ఆగకూడదు. వాక్యం పాదం దాటి పోతుంది, ఒక్కోసారి మాటే మధ్యలో విరుగుతుంది. ముందు తాత్పర్యం చూసుకుని, సంధుల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, అర్థం ఆగేచోట ఊపిరి తీసుకుంటా పైకి చదవాలి. పూటకు పది పద్యాలు చాలు. ఇరవైకి పోతే పద్యాల మధ్య వచ్చే వచనం కూడా బరువే.

ఛందస్సు ముందే నేర్చుకోవాల్సిన పని పడలేదు. నిఘంటువూ అంతే, టీటీడీ ప్రతిలో ప్రతిపదార్థం ఉంది. విరాటపర్వం చదివితే వానలు పడతాయని జవాబుల్లో ఒకాయన అన్న మాట మటుకు ఇంకా తేలలేదు, పెన్నలో ఇసకే కనపడతా ఉంది.