నల్లగొండ ఫ్లోరైడ్‌పై పూర్వ పరిశోధనల సమీక్ష ఎలా రాయాలి?

ప్రశ్న: నల్లగొండ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్‌పై పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎనభై వ్యాసాలు చదివి, ఒక్కోదానికి ఒక పేరా చొప్పున సారాంశం రాస్తే, ఇది సమీక్ష కాదు, జాబితా అని మా గైడ్ గారు తిప్పి పంపారు. ఎలా సరిదిద్దుకోవాలి?

జవాబు 1: ఆయన మాట సరైనదే. వ్యాసాల వారీగా కాక, అంశాల వారీగా రాయండి. ఉదాహరణకు నీటిశుద్ధిని తీసుకుంటే, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970వ దశకంలో రూపొందించిన, పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’తో మొదలుపెట్టి, శుద్ధి చేసిన నీటిలో మిగిలే అల్యూమినియం గురించి, అడుగున పోగయ్యే మడ్డి గురించి తర్వాతివారు లేవనెత్తిన అభ్యంతరాలను దాని పక్కనే పెడితే, మీరు పూరించబోయే ఖాళీ ఎక్కడుందో చదివేవారికి దానంతటదే కనిపిస్తుంది. (‘సాహిత్య సమీక్ష’ అని శీర్షిక పెట్టకండి, కవిత్వం గురించి అనుకుంటారు.)

జవాబు 2: ఫలితాలను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన జాతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, మరో నీటి వనరు లేనిచోట 1.5. ఎవరు ఏ హద్దు తీసుకున్నారో, నమూనాలు వానలకు ముందు సేకరించారో తర్వాతో చూడకుండా, హద్దు దాటిన నమూనాల శాతాలను పక్కపక్కన పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు: హద్దుల తేడాను నేను గమనించనే లేదు. పట్టిక మళ్ళీ వేస్తాను.