డీపీఎఫ్ లైటు మళ్లీ మళ్లీ వస్తంది: ఫిల్టర్ గుల్ల చేయించడమా, రోగం వెతికించడమా?

గెలాక్సీ బ్లాక్ (చీమకుర్తి):
అన్నలందరికీ నమస్తే. నాది బీఎస్ 6 ట్రైలర్, 2021 మోడల్. చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ బ్లాకులు తోలతాం. నాలుగు నెలల నుంచి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటుతో ఒకటే గోల. మొదట్లో వారానికోసారి రీజన్ (పట్టిన మసిని వేడితో కాల్చెయ్యడం) అడిగేది. ఇప్పుడు పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. పోయిన వారం లోడుతో సింగరాయకొండ దాటంగానే పికప్ చచ్చిపోయింది. ముప్ఫై స్పీడులో ఈడ్చుకుంటా పోయి ఒక దాబా దగ్గర ఆపినాం.

సర్వీస్ సెంటర్లో (పేరొద్దులే) మూడుసార్లు కంప్యూటర్ పెట్టి రీజన్ కొట్టించారు. మూడోసారి "ఫిల్టర్ విప్పి క్లీన్ చేశాం" అని 38 వేలు బిల్లు. సరిగ్గా పదకొండు రోజులు బాగుంది. పన్నెండో రోజు మళ్లీ లైటు. ఇప్పుడేమో ఫిల్టరే పోయింది, కొత్తది వెయ్యాల అంటన్నారు. అది లక్షల్లో మాట. కిస్తీ ఒకటి నెత్తిన కూర్చోనుంది.

మా దగ్గర ఇంకొకాయన "ఫిల్టర్ లోపలిదంతా పీకి గుల్ల చేసి సాఫ్ట్‌వేర్ మార్పిస్తే ఒక్కరోజు పని, జన్మలో లైటు రాదు" అంటన్నాడు. చేయించినోళ్లు, చేయించనోళ్లు ఇద్దరూ చెప్పండి.

పాతబండి (కావలి):
చేయించినోణ్ణి నేను. పద్నాలుగు నెలలైంది. లైటు లేదు, రీజన్ లేదు, మైలేజీ కూడా కాస్త పెరిగింది. నాకు ఇంకో బండి బీఎస్ 4 ఉంది, దాని సైలెన్సర్ తుప్పు పట్టి రాలతా ఉంటే తీగతో కట్టి తోలతన్నాం. బండంటే అట్టుండాల. ఈ ఫిల్టర్లు మన రోడ్లకు కాదు తమ్ముడూ. ఆలోచించకుండా పీకించెయ్.

రూల్‌బుక్కు (ఒంగోలు):
పీకించే ముందు ఇది కూడా చదవండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు మారేట్టు ఓనర్ బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఎ వచ్చింది. దాని నాలుగో క్లాజు కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ కేసు 190(2) వేరే. అది 10,000 దాకా పోతుంది, లైసెన్సు మీదకు కూడా వస్తుంది. వారంటీ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

పాతబండి (కావలి):
సారూ, హైవే మీద నల్లపొగ కక్కుతా పోయే బండ్లు రోజుకు వంద చూస్తా. ఎన్నిటిని ఆపారో చెప్పండి. నాకు పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
నెల్లూరు ఆటోనగర్‌లో 22 ఏళ్ల నుంచి డీజిల్ పనే చేస్తన్నా. చట్టం సంగతి పక్కన పెట్టి బండి సంగతి చెప్తా.

తమ్ముడూ, నీ బండిలో ఫిల్టర్ రోగం కాదు. రోగం వేరే చోట ఉంది, ఫిల్టర్ దాన్ని మోస్తంది. వారానికోసారి వచ్చే రీజన్ రోజుకు రెండుసార్లు వస్తందంటే ఇంజిన్ మసి ఎక్కువ పుట్టిస్తందన్న మాట. లేదా పుట్టిన మసి కాలేంత వేడి రావడం లేదు. లేదా మసి లేకున్నా ఉందని సెన్సార్ అబద్ధం చెప్తంది. ఈ మూటిలో ఏదో తేల్చకుండా ఎన్నిసార్లు రీజన్ కొట్టించినా ఇల్లు కారతా ఉంటే కింద గిన్నెలు మార్చినట్టే.

మసి ఎక్కువ పుట్టడానికి మొదట చూడాల్సింది గాలి. గాలిని నెట్టే టర్బో నుంచి దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే లావు రబ్బరు హోసులు ఉంటాయి. ఐడిల్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి. లోడు మీద టర్బో గాలి నింపినప్పుడు చిరుగు నోరు తెరుస్తుంది. గాలి తగ్గింది, డీజిల్ అదే, ఇంకేముంది మసే. క్లాంప్ చుట్టూ చెయ్యి పెట్టి చూడు, జిడ్డు మీద దుమ్ము గీతలా అంటుకొని ఉంటే గాలి అక్కడే పోతందని లెక్క. సబ్బు నీళ్లు పోసి ప్రెషర్ పెడితే బుడగలు చెప్తాయి.

తర్వాత డీజిల్ చిమ్మే నాజిళ్లు. ఒక్క నాజిల్ కారినా చాలు. తర్వాత టర్బో సీలు, ఆయిల్ లీకై ఎగ్జాస్ట్‌లోకి పోతంటే ఫిల్టర్ నిండక ఏమవుద్ది? ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్లోకి పంపేది) ఉన్న బండైతే ఆ వాల్వు తెరిచినట్టే ఇరుక్కుందా చూడాల. కూలెంట్ యాడా కారకుండానే తగ్గిపోతంటే ఈజీఆర్ కూలర్ మీద అనుమానం పెట్టుకో. థర్మోస్టాట్ తెరిచినట్టే ఇరుక్కుంటే ఇంజిన్ వేడెక్కదు, అప్పుడు రీజన్ మొదలే కాదు, మొదలైనా సగంలో ఆగిపోతుంది.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ఫిల్టర్‌కు ముందు, వెనక నుంచి రెండు సన్న పైపులు ఒక సెన్సార్‌కు పోతాయి. రెండు వైపులా ప్రెషర్ తేడా చూసి ఎంత నిండిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ పైపు పగిలినా, లోపల మసి గడ్డ కట్టినా లెక్క తప్పు. క్వారీ రోడ్ల కుదుపులకు అవి పగలడం వింతేమీ కాదు.

రొయ్యలమేత (కోవూరు):
యూరియా క్వాలిటీ చూసుకున్నారా? మా బండికి లూజు ఆడ్‌బ్లూ (యూరియా నీళ్లు) పోసినప్పటి నుంచే లైట్లు మొదలు. దానివల్లే మసి పడతందని మా డ్రైవరు అన్నాడు.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
లైటు రావచ్చు, మసి మాత్రం దానివల్ల కాదు. ఆడ్‌బ్లూ మన బండ్లలో ఫిల్టర్ దాటినాక పడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడం దాని పని. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. పొలంలో చల్లే యూరియా కలిపి అమ్మేదాన్ని పోస్తే ఎస్‌సీఆర్ (ఆ పని జరిగే డబ్బా) చెడుతుంది, నాజిల్ మీద తెల్లగా గడ్డ కడుతుంది. అది ఇంకో ఖర్చు, ఇంకో లైటు. రెండూ కలపొద్దు.

హైవే 16 (టంగుటూరు):
సర్వీస్ సెంటర్లోళ్లనే తప్పుపట్టడం న్యాయం కాదు. వాళ్ల దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఆటోనగర్‌లో ఎవరి దగ్గరుంది? మా బండికి నాజిల్ కోడింగ్ మార్చాల్సి వస్తే మూడు షెడ్లు తిరిగి చివరికి అక్కడికే పోయినా.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
ఒప్పుకుంటా. కొన్ని పనులు వాళ్ల మిషన్ లేకుండా కావు. నేను చెప్పేది, వాళ్లను అడగాల్సినవి అడగమని. క్లీన్ చేశామంటే ఫిల్టర్ విప్పినాక ఎంత తూగింది, క్లీనింగ్ అయినాక ఎంత తూగింది? చీమకుర్తోళ్లకు కాటా సంగతి నేను చెప్పాలా? రాయి తూకం లేకుండా ఒక్క బ్లాకు కదలనీరు, ఫిల్టర్‌ను మాత్రం నోటి మాట మీద వదిలేస్తారు.

మసి వేరు, బూడిద వేరు. మసి 600 డిగ్రీల దగ్గర రీజన్‌లో కాలిపోతుంది. బూడిద కాలదు. అది ఇంజిన్ ఆయిల్లో కలిపే మందుల నుంచి వచ్చేది. దాన్ని ఫిల్టర్ విప్పి, గాలితో ఎదురుదిక్కు నుంచి ఊది, అవసరమైతే ఓవెన్లో కాల్చి తియ్యాల్సిందే. అందుకే ఆయిల్ సీకే-4 గ్రేడు పొయ్యమనేది, దాంట్లో సల్ఫేటెడ్ యాష్ (బూడిద) 1 శాతం దాటదు. కొన్ని చోట్ల ఫిల్టర్ విప్పరు, కంప్యూటర్లో యాష్ లెక్కను సున్నా చేసి పంపిస్తారు. ఫిల్టర్ ఖాళీగా ఉందని బండి నమ్ముతుంది. పది రోజులకు నీ కథే.

ఇంకో మాట. నిండా మసి ఉన్న ఫిల్టర్‌కు బలవంతంగా రీజన్ కొట్టిస్తే లోపల ఒక్కసారిగా అంటుకొని ఆ సిరామిక్ పగులుతుంది, కరిగిపోవచ్చు కూడా. పగిలిందో లేదో తెలుసుకోవడానికి మిషన్ అక్కర్లేదు. బండి చల్లారినాక సైలెన్సర్ చివర తెల్ల కర్చీఫ్ పెట్టి లోపల తుడువు. ఫిల్టర్ బాగున్న బీఎస్ 6 బండైతే గుడ్డకు కాస్త దుమ్ము అంటుతుంది, అంతే. కాటుక లాగా వచ్చిందంటే ఫిల్టర్ పగిలినట్టే.

పాతబండి (కావలి):
మా బండికి పెడితే మీ కర్చీఫ్ మళ్లీ ఉతుక్కోలేరు 😀

కృష్ణపట్నం లైన్ (డ్రైవర్):
ఓనర్లు, మేస్త్రీలు అందరూ మాట్లాడారు. ఒక డ్రైవర్ మాట వినండి. ఏం జరిగినా "రీజన్ బటన్ నొక్కలేదు, డ్రైవర్ తప్పు" అంటారు. రీజన్‌కు అరగంట, ముక్కాలు గంట బండి ఆపి పెట్టాల. క్వారీలో యాడ ఆపమంటారు? వెనక పది బండ్లు హారన్ కొడతంటాయి. ఎండాకాలం రోడ్డు పక్కన గడ్డి మీద ఆపితే సైలెన్సర్ వేడికి నిప్పంటుకోదా? పోర్టు దగ్గర లైన్లో ఉంటే ఒక్కోసారి నాలుగైదు గంటలు ఇంజిన్ ఐడిల్‌లోనే. అక్కడ సైలెన్సర్ వేడెక్కదు, మసి మాత్రం పడతానే ఉంటుంది. లైటు వచ్చినప్పుడల్లా ఓనర్‌కు ఫోన్ చేస్తే "ముందు లోడు దించు, తర్వాత చూద్దాం" అంటాడు. రీజన్ ఆపే స్విచ్ నొక్కమనేది కూడా ఆయనే. మళ్లీ బిల్లు వచ్చినప్పుడు నెపం మా మీద.

గెలాక్సీ బ్లాక్ (చీమకుర్తి):
అన్నా, నేను కూడా ఆ స్విచ్ నొక్కమన్నా. రెండుసార్లు. ఒప్పుకుంటన్నా.

హైవే 16 (టంగుటూరు):
ఈ ఒక్క మాటకే నీకు సగం రిపేరు అయిపోయింది తమ్ముడూ.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
డ్రైవర్ చెప్పింది నిజం. కానీ ఐడిల్ వల్లే అయితే క్వారీ లైన్లో తిరిగే బండ్లన్నిటికీ ఇదే ఉండాల. పక్క బండికి వారానికోసారి, నీకు రోజుకు రెండంటే నీ ఇంజిన్లో ఏదో ఉంది. డిప్‌స్టిక్ కూడా తీసి చూడు. ఆయిల్ తగ్గకపోగా పెరిగిందా, డీజిల్ వాసన వస్తందా? కొన్ని ఇంజిన్లలో రీజన్ కోసం సిలిండర్లోనే అదనంగా డీజిల్ కొడతారు. అది సగంలో ఆగిపోతా ఉంటే ఆ డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. అట్టుంటే ముందు ఆయిల్ మార్చు. లేకుంటే బేరింగులు పోతాయి.

గెలాక్సీ బ్లాక్ (చీమకుర్తి), తొమ్మిది రోజుల తర్వాత:
మీరు చూడమన్నవి చూపించినా, ఏం తేలిందో చెప్తన్నా. కర్చీఫ్ పరీక్ష చేసినా, దాదాపు తెల్లగానే వచ్చింది. అంటే ఫిల్టర్ పగల్లేదు, "పోయింది, కొత్తది వెయ్యాల" అన్న మాట పగులు గురించైతే తప్పు. ఆయిల్ వేలెడంత పెరిగి ఉంది, మార్పించినా. ఒంగోలులో ఒక షెడ్డులో ప్రెషర్ పెట్టి చూస్తే ఇంటర్‌కూలర్ హోసు క్లాంప్ కింద, అడుగు వైపు, బెత్తెడు చిరుగు. పైనుంచి చూస్తే కొత్త దానిలా ఉంది. మూడుసార్లు కంప్యూటర్ పెట్టినోళ్లు ఎవరూ కింద పడుకోని చూడలేదు. సెన్సార్ పైపు ఒకటి గట్టిపడి ఉంటే అది కూడా మార్చినాం. అంతా కలిపి 6,500.

నాలుగు ట్రిప్పులైంది, లైటు రాలేదు. కానీ యాష్ మాత్రం ఎక్కువే చూపిస్తంది, వచ్చే నెల విప్పించి తూకం వేయిస్తా. పాత క్లీనింగ్ బిల్లు మీద తూకం లేదు, ఫోటో లేదు. అడిగితే మేనేజర్ సెలవులో ఉన్నాడంట.

పాతబండి (కావలి):
హోసు చిరిగింది కాబట్టి సరిపోయింది. అదే ఈజీఆర్ కూలరో టర్బోనో పోయి ఉంటే అప్పుడు ఏ పాట పాడేవాడివో చూసేవాణ్ణి.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
ఆ మాట కాదనను. కూలర్ పోతే బిల్లు పెద్దదే. ఫిల్టర్ గుల్ల చేసినా కూలర్ పోయే ఉంటుంది గదా అన్నా, కాకపోతే చెప్పే లైటు ఉండదు. పద్నాలుగు నెలల కింద నీ బండికి అన్నిసార్లు రీజన్ ఎందుకు వచ్చిందో ఎవరన్నా చూశారా?

పాతబండి (కావలి):
కూలెంట్ కాస్త తాగుతా ఉంది లే. నెలకు రెండు లీటర్లు. ఎండలకి అనుకున్నా.

ఆటోనగర్ నాజిల్ (నెల్లూరు):
రేపు ఉదయం తీసుకురా. పొద్దునే, చల్లగా ఉన్నప్పుడే. రేడియేటర్ మూత నువ్వు తియ్యొద్దు.

కృష్ణపట్నం లైన్ (డ్రైవర్):
ఇప్పుడు పోర్టు గేటు ముందు ఉన్నా. ముందర నలభై బండ్లు. ఐడిల్‌లో మసి పడతందని ఇంజిన్ ఆపేసినా. దోమలు పీక్కు తింటన్నాయి. ఓనర్లూ, హోసులతో పాటు బ్యాటరీ ఫ్యాన్ ఒకటి కొనియ్యండి.