సైలెన్స్‌లో ఉండి కౌంటర్‌స్పెల్ వెయ్యొచ్చా? మా డీఎం కుదరదంటున్నాడు

బ్రాడీపేట విజార్డ్:
ప్రతి ఆదివారం గుంటూరు నుంచి బస్సెక్కి మొగల్రాజపురంలో ఫ్రెండ్ ఇంటికెళ్తాను, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడటానికి. పాచికలేస్తూ కథ నడిపే ఆట, నడిపించేవాడు డీఎం, విలన్‌ని ఆడించేదీ ఆయనే. 2014 రూల్స్. డైనింగ్ టేబుల్ మీద సుద్దతో గళ్లు గీస్తాం, గడికి 5 అడుగులు. విలన్‌కి బొమ్మ దొరక్క షోకేసులోంచి కొండపల్లి కల్లుగీత బొమ్మ తీసి పెట్టారు.

మొన్న గుహలో మా క్లెరిక్ (పూజారి పాత్ర) ఆ విలన్ మీద సైలెన్స్ వేసింది, అంటే చుట్టూ శబ్దమే పుట్టనివ్వని స్పెల్. 20 అడుగుల రేడియస్ కదా, వాడికి మూడు గళ్ల పక్కనున్న నేనూ అందులో పడ్డాను. వాడి టర్న్ రాగానే 30 అడుగులు నడిచి బయటికెళ్లిపోయాడు, తాటిచెట్టుతో సహా. అక్కణ్ణుంచి ఫైర్‌బాల్, అంటే నిప్పుల గోళం, అన్నాడు. నేను కౌంటర్‌స్పెల్, అంటే ఎదుటివాడి స్పెల్‌ని ఆపేది, అన్నాను. డీఎం నవ్వి, "నోరే పెగలని చోట మంత్రమేంట్రా" అన్నాడు. దెబ్బకి ఎనిమిది పాచికలు వేస్తే 31 పడింది. క్లెరిక్ ప్రాణం సున్నాకొచ్చేసింది, దాంతో సైలెన్స్ కూడా పోయింది. అప్పుడు నోరొచ్చి ఏం లాభం?

నెహ్రూ బస్టాండ్ నుంచి ఇంటిదాకా ఇదే ఆలోచన. తప్పు నాదా, ఆయనదా?

పాచికల పంతులు:
నువ్వే కరెక్ట్ తమ్ముడూ. స్పెల్‌ని మనం మంత్రం అనుకోవడంతోనే వస్తోంది తిప్పలు. మంత్రం అంటే నోటితో పలికేదేగా! కానీ ఆటలో వెర్బల్ (నోటిమాట) వేరు, సొమాటిక్ (చేతి కదలిక) వేరు. సంధ్యావందనంలో మంత్రం ఒకటి, ముద్ర ఒకటి ఉన్నట్టు. కౌంటర్‌స్పెల్‌కి ముద్ర ఒక్కటే, మాట లేదు. సైలెన్స్ ఆపేది వెర్బల్ ఉన్నవాటినే. చటుక్కున వేరే చోటికి చేర్చే మిస్టీ స్టెప్ చూడు, దానికి మాట ఒక్కటే. అందుకే సైలెన్స్‌లో అది అస్సలు పనిచెయ్యదు. పైగా వాడు ఫైర్‌బాల్‌ని మూడో లెవెల్ స్లాట్‌తో, అంటే దాని మామూలు బలంతో, వేసుంటే నీకు చెక్ (పాచిక పరీక్ష) కూడా అక్కర్లేదు, నేరుగా ఆగిపోవాలి. 2024 రూల్స్‌లో అయితే వాడు తట్టుకోడానికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ అని పాచిక వేస్తాడు.

మీ డీఎం క్లెరిక్ ప్రాణం బాకీ.

బ్రాడీపేట విజార్డ్:
పంతులు గారూ, మీ నోట్లో చక్కెర పొయ్య!

మంగళగిరి డ్రూయిడ్:
ఆగండాగండి. గుహ అన్నావు కదా, అప్పుడు నీ చేతుల్లో ఏమున్నాయి?

బ్రాడీపేట విజార్డ్:
కుడిచేతిలో కర్ర, అదే నా ఫోకస్. ఎడమచేతిలో దివిటీ. నేను మనిషినక్కా, చీకట్లో కనపడదు.

మంగళగిరి డ్రూయిడ్:
ఇంకేం. ఫైర్‌బాల్‌కి గబ్బిలం రెట్ట, గంధకం కావాలి, వాటి బదులు కర్ర చాలు. అలా సామగ్రి అవసరమైన స్పెల్ అయితే కర్ర పట్టుకున్న చేత్తోనే ముద్ర కూడా పట్టొచ్చు. కౌంటర్‌స్పెల్‌కి సామగ్రే లేదు, అంటే ఒక చెయ్యి పూర్తిగా ఖాళీగా ఉండాలి. నీ రెండు చేతులూ నిండుగా ఉన్నాయి.

బ్రాడీపేట విజార్డ్:
దివిటీ కింద పడేసేవాణ్ణి కదా! కింద పడ్డా వెలుగుతూనే ఉంటుంది.

పాచికల పంతులు:
అవునమ్మా, తన టర్న్ కాని టైంలో చేతిలోది వదిలెయ్యడం డీఎం ఇష్టం. మా టేబుల్ దగ్గరైతే నేను ఒప్పుకుంటాను. అంత చిన్నదానికి ఆట ఆపితే ఆదివారం ఏం మిగులుతుంది?

మంగళగిరి డ్రూయిడ్:
సరే, పడేశాడనే అనుకుందాం. మూడు గళ్లు 15, వాడు నడిచింది 30. మొత్తం 45 అడుగులు. కౌంటర్‌స్పెల్ 60 దాకా అందుతుంది, నిజమే. కానీ వాడు స్పెల్ వేస్తుండగా కంటికి కనపడాలి. దివిటీ వెలుగు ఎంత? 20 అడుగులు బాగా, ఇంకో 20 మసగ్గా. నలభయ్యో అడుగు దగ్గర ఆగిపోయింది. నీ కల్లుగీత బొమ్మ నిలబడిన గడి కటిక చీకటి. వాడి దగ్గర దీపం ఏమన్నా ఉందా?

బ్రాడీపేట విజార్డ్:
లేదు. చీకట్లోనూ కనపడే డార్క్‌విజన్ ఉందని డీఎం ముందే చెప్పాడు.

పాచికల పంతులు:
దెబ్బకొట్టావమ్మా. టేబుల్ మీద ట్యూబులైటు ఉంటుంది కదా, అందరికీ అన్నీ కనపడతాయి. నాకూ తట్టలేదు.

బ్రాడీపేట విజార్డ్:
థ్యాంక్స్ అక్కా. పంతులు గారి మొదటి జవాబు వరకు స్క్రీన్‌షాట్ తీసి మా డీఎంకి పంపించాను.