మీటరు నాలుగు నెలలు మూగబోయింది, 800 యూనిట్ల బిల్లు కట్టాలా ఆపాలా?

సత్యనారాయణపురం అబ్బాయి
విజయవాడలో మాది రెండో అంతస్తు, సొంత ఇల్లే. పోయినేడాది పాత మీటరు తీసేసి స్మార్ట్ మీటరు బిగించి వెళ్ళారు. మార్చి నుంచి దాని రీడింగ్ ఆఫీసుకి చేరడం లేదట. ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు. మార్చి, ఏప్రిల్, మే, జూన్ బిల్లులు నాలుగూ సరిగ్గా 100 యూనిట్లకే వచ్చాయి, కట్టేశాం. జులైలో ఒకబ్బాయి మెట్లెక్కి వచ్చి, మీటరు చూసి, బిల్లు చేతిలో పెట్టి పోయాడు. 800 యూనిట్లు! సెక్షన్ ఆఫీసులో అడిగితే "వాడారు కదండీ, కట్టండి" అంతే. వాడలేదని నేననడం లేదు. సిగ్నల్ పోయింది వాళ్ళ మీటరుకి, దండగ నాకెందుకు? కట్టకుండా ఆపే హక్కు నాకుందా లేదా?

పాతస్తంభం
కరెంటు డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయినవాణ్ణి, మాది గుంటూరు. తిట్టుకోకండి. సిగ్నల్ పోతే లెక్క పోదు బాబూ. యూనిట్లు లెక్కపెట్టే భాగం వేరు, వాటిని పంపే భాగం వేరు. సరఫరా ఆగినా మెమరీలో అంకె చెరగదు. మే నెలలో బెజవాడ ఎండకి ఏసీ వేసుకు పడుకుని, బిల్లు 100 యూనిట్లకి వస్తే అనుమానం రాలేదా?

సత్యనారాయణపురం అబ్బాయి
వచ్చింది. దాంతోపాటు సంతోషమూ వచ్చింది, దాచడమెందుకు. కానీ అంకుల్, మీటరు పలకడం లేదని వాళ్ళ కంప్యూటరుకి మొదటి రోజే తెలుస్తుంది కదా. నాకు మేలో అనుమానం రావాలి గానీ వాళ్ళకి మార్చిలో రానక్కర్లేదా?

సింగ్‌నగర్ అక్క
ఆ 100 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు తమ్ముడూ. మీటరు ఆగకముందు మూడు నెలల సగటు. నీకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, అంటే ఫ్యాను కూడా సరిగ్గా తిరగని నెలలు. మాకు రివర్సు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకొచ్చి మీటరు మునిగిపోయింది. మేం పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోయాం. ఇంట్లో బల్బు కూడా వెలగని రోజులకి సగటు వేశారు, ముందు నెలల ఏసీ వాడకంతో కలిపి! వాడిన పరిస్థితులు వేరైతే ఆ సగటు చెల్లదని కాళ్ళరిగేలా తిరిగి చెప్పుకుంటే గానీ తగ్గించలేదు.

నల్లకోటు
హక్కు గురించి అడిగారు కాబట్టి. 2020 డిసెంబరు 31న కేంద్రం నోటిఫై చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఒక మాటుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకి మించి తాత్కాలిక బిల్లులు, అంటే అసలు రీడింగ్ లేకుండా వేసే బిల్లులు, ఇవ్వకూడదు. రెండు బిల్లింగ్ కాలాలు దాటినా అలాగే ఇస్తుంటే, అసలు రీడింగుతో బిల్లు వేసేదాకా వినియోగదారుడు కట్టనని చెప్పొచ్చు. మీ మార్చి పాత సంవత్సరంలోకి పోయినా ఏప్రిల్, మే, జూన్ మూడయ్యాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ హక్కు జూన్ బిల్లు నాటికే పుట్టి, జులైలో అసలు రీడింగ్ తీయడంతో పోయింది. ఇప్పుడు మొత్తం ఆపేస్తానంటే ఆ నిబంధన మీ వెనక నిలబడదు.

బెంజి సర్కిల్
చెక్ మీటరు, అంటే పాతదాంతో పోల్చి చూడ్డానికి పెట్టే ఇంకో మీటరు, అడగండి బ్రో, అయిదు రోజుల్లో పెట్టాలని 2024లో రూల్ మార్చారు. ఇంకోటి, రెండేళ్ళు దాటిన బాకీ ఎటూ మాఫీ.

నల్లకోటు
చెక్ మీటరు యూనిట్లు తప్పు చూపిస్తోందన్న అనుమానం ఉన్నవాళ్ళకి. ఇక్కడ ఆ గొడవే లేదు. రెండేళ్ళ సంగతి 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్లోది. మాఫీ కాదు. ఆ బాకీ కోసం కరెంటు కట్ చేయకూడదు, వేరే దారిలో వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. అయినా ఇది నాలుగు నెలల బాకీ, రెండేళ్ళ ఊసెందుకు?

బ్రాడీపేట పంతులు
అందరూ హక్కుల దగ్గరే ఆగారు, అసలు దెబ్బ స్లాబులో ఉంది. ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్లకి పడే డబ్బు, ఒక్కటే చూద్దాం, ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాట్లూ పక్కన పెడదాం. ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఆ 800లో 600 పాత నెలల బాకీ, 200 జులైది అనుకుందాం. అన్నీ ఒకే నెలలో వాడినట్టు వేస్తే 6,448 రూపాయలు.

ఇప్పుడు విడగొట్టండి. ఆ 600కి ముందే కట్టేసిన 400 కలిపితే నాలుగు నెలల అసలు వాడకం 1,000, అంటే నెలకి 250. దానికి 1,235.75 చొప్పున 4,943. సగటు బిల్లులకి నెలకి 304.50 చొప్పున 1,218 కట్టేశారు. మిగిలింది 3,725. జులై 200 యూనిట్లకి 867. మొత్తం 4,592. తేడా 1,856 రూపాయలు. ఇందులో వాడిన కరెంటు ఒక్క యూనిట్ కూడా లేదు. జులైలో తిప్పిన ఫ్యానుక్కూడా 9.75 రేటు పడింది, అంతే. కాబట్టి ఆ 4,592 కట్టాల్సిందే, 1,856 మాత్రం పైసా కట్టక్కర్లేదు.

పాతస్తంభం
పంతులుగారూ, స్లాబు మాట ఒప్పుకుంటా. మా రోజుల్లో డోర్ లాక్ సర్వీసులకి, అంటే తాళం వేసి ఉండి రీడింగ్ తీయలేని ఇళ్ళకి, నెలలవారీగా విడగొట్టేవాళ్ళం. కానీ నెలకి 250 అని ఎవరు చెప్పారు? మార్చిలో 160, మేలో 340 కాలి ఉంటే మీ లెక్కకి ఇంకో 179 కలుస్తుంది. ఊహించక్కర్లేదు కూడా. ప్రతి నెల ఒకటో తారీకు అంకె స్మార్ట్ మీటరు లోపలే దాచుకుంటుంది. సిగ్నల్ లేకపోయినా ముందున్న ఆప్టికల్ పోర్టుకి పరికరం తగిలించి తీసుకోవచ్చు. అది తీసి ఆ ప్రకారం బిల్లు వేయమని సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) రాసివ్వు బాబూ. నోటిమాటగా కాదు, కాగితం మీద, రసీదుతో.

నల్లకోటు
ఈలోగా కరెంటు పీకుతామంటే భయపడకండి. పదిహేను రోజుల నోటీసు లేకుండా పీకకూడదు. అడిగిన మొత్తమో, గత ఆరు నెలల్లో కట్టిన నెలసరి సగటో, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడుతున్నానని రాసి కట్టేస్తే, తగువు తేలేదాకా సరఫరా ఆపడానికి లేదు. అదీ 56వ సెక్షన్లోదే. మీ విషయంలో సగటే తక్కువ. పని కాకపోతే ఫిర్యాదుల పరిష్కార ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్.

సింగ్‌నగర్ అక్క
మీటరు మీద బటన్ నొక్కుతుంటే యూనిట్ల అంకె వస్తుంది తమ్ముడూ. ఇకనుంచి ఒకటో తారీకున ఫోటో తీసి పెట్టుకో. నేను బియ్యం డబ్బా పైన క్యాలెండర్లో రాస్తా.

సత్యనారాయణపురం అబ్బాయి
అందరికీ థాంక్సండీ. అర్జీ ఇచ్చా, రసీదు మీద స్టాంపు వేయించుకున్నా. సగటు లెక్క చూసి అభ్యంతరంతో అంతే కట్టా. పోర్టు రీడింగుకి మనిషిని పంపుతామన్నారు. ఇంతలో ఆగస్టు బిల్లు వచ్చింది. 100 యూనిట్లు!

నల్లకోటు
ఈ ఆర్థిక సంవత్సరంలో ఇది నాలుగో తాత్కాలిక బిల్లు. దీన్ని ఆపండి, నిబంధన చూపించి రాసివ్వండి.

పాతస్తంభం
మధ్యలో జులైకి అసలు రీడింగ్ ఉంది కదండీ లాయరుగారూ, వరస అక్కడే తెగింది. మూడొందల రూపాయలకి పంతమెందుకు, కట్టెయ్యి బాబూ.

నల్లకోటు
రెండు కాలాల వరస తెగిందేమో గానీ, ఏడాదికి రెండే అన్న మాట తెగలేదు.