కాట్నిస్ లాంటి అమ్మాయి ఉన్న తెలుగు నవల చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కావలి. 2008లో వచ్చిన ఇంగ్లీషు నవల 'ది హంగర్ గేమ్స్' అంటే నాకు ప్రాణం. అందులో ప్రభుత్వం చీటీలు తీసి, పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే పోటీకి పంపుతుంది. చెల్లెలి పేరు చీటీలో రాగానే పదహారేళ్ల కాట్నిస్ "నేను పోతాను" అని ముందుకొస్తుంది చూడండి, అక్కడ ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. ఇక పోటీలో తనతో జతకట్టిన రూ అనే పన్నెండేళ్ల పిల్ల చనిపోయినప్పుడు కాట్నిస్ ఆ పిల్ల ఒంటినిండా పూలు పేరుస్తుంది. చంపుకోమని పంపినవాళ్ల ఎదుటే! అంతకన్నా పెద్ద తిరుగుబాటు లేదనిపిస్తుంది నాకు.

ఈ కథంతా మా అక్క కూతురికి రోజూ కొంచెం కొంచెం చెప్పాను. తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. ఇప్పుడు "పిన్నీ, ఇలాంటిది నేనే చదువుకోవాలి" అని పట్టుబట్టింది. ఇంగ్లీషు నవల ఇంకా అంత ధారాళంగా చదవలేదు. ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' ఇచ్చాను, మా ఊరి మాటలే కదా, ఆపకుండా చదివేసింది. కానీ తనకు కావాల్సింది ఒకే పాత్ర వెంట చివరిదాకా నడిచే పెద్ద కథ.

పదిహేను, పదహారేళ్ల అమ్మాయి తన నిర్ణయం తానే తీసుకునే తెలుగు నవలలు ఏమున్నాయి? అనువాదమైనా పర్వాలేదు, భాష సాఫీగా ఉంటే చాలు. పెళ్లితో ముగిసే ప్రేమకథలు మాత్రం వద్దు. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఏ షాపులో దొరుకుతాయో కూడా చెప్పండి. లేదంటే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్తాను, పేర్లు ముందే రాసిపెట్టుకుంటాం.