అప్‌డేట్: 20 నిమిషాలకే ఆగిపోతున్న ఇన్వర్టర్ బాగైంది (కావలి)

150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే సామర్థ్యం) ట్యూబులర్ బ్యాటరీ 3 గంటలు రావాల్సింది 20 నిమిషాలకే బీప్ కొట్టి ఆగిపోతోందని ఇక్కడే అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీ మార్చలేదు, మార్చే అవసరమే రాలేదు.

"ముందు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెట్టించండి" అన్న సలహానే పనిచేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు తీసేసి, ఫ్యాన్లు, టీవీ నడుస్తుండగా చూశారు. బ్యాటరీ టెర్మినళ్ల (వైర్లు బిగించే సీసపు దిమ్మల) దగ్గర 12.1 వోల్టులు, అదే సమయంలో ఇన్వర్టర్ దగ్గర 10.6. తేడా అంతా పాజిటివ్ క్లాంపులోనే (వైరును టెర్మినల్‌కి పట్టి ఉంచే బిగింపు) పోతోంది. 300 వాట్ల లోడుకి దాదాపు 30 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి అక్కడ 0.05 ఓమ్ అడ్డు ఉన్నా ఒకటిన్నర వోల్టు పడిపోతుంది, బ్యాటరీ అయిపోయిందనుకుని ఇన్వర్టర్ ఆపేస్తుంది. పైకి కనిపించింది కొంచెం పచ్చటి పూతే. లగ్గు (వైరు చివర నొక్కే లోహపు తొడుగు) లోపల రాగి తీగలు నల్లబడిపోయాయి.

చేసింది ఇదీ: ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, ముందు నెగిటివ్ వైరు విప్పారు. మూతలు బిగించి (సోడా లోపలికి పోతే యాసిడ్ పాడవుతుంది) వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఇనప బ్రష్‌తో రుద్దారు. నల్లబడిన వైరు కోసి కొత్త లగ్గు నొక్కారు. ముందు పాజిటివ్, తర్వాత నెగిటివ్ బిగించాక పైన వ్యాజిలిన్ పూశారు.

రెండు సెల్లుల్లో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోశాం కానీ కారణం అది కాదు. నిన్న 2 గంటల 50 నిమిషాలు వచ్చింది.